ఏడో నంబరు రాయి

సుంగై కెరాంగ్ ఏరు సముద్రంలో కలిసే చోట రాయన్నది కనిపించదు. ఏటికి ఇటు కంపెనీ వాళ్ళ కొబ్బరితోట, అటు ఏడు మలయ్ ఇళ్ళు. మిగిలిందంతా మడచెట్లూ బురదా. విశాఖపట్నం రేవులో ఓడెక్కి తోటపనికి వచ్చిన తెలుగువాళ్ళకి దోమలూ మొసళ్ళూ త్వరగానే అలవాటయ్యాయి గానీ, రాయి లేకపోవడం ఒక పట్టాన అలవాటు కాలేదు. కత్తి నూరుకోవాలన్నా, పసుపుకొమ్ము అరగదీయాలన్నా కూలీలుండే ఇళ్ళ లైన్లన్నిటికీ కలిపి ఒక్క రాయే దిక్కు. అది ఎర్రమ్మది. చీరలో మూటగట్టి ఓడ మీద అంతదూరం మోసుకొచ్చిన సానరాయి. అందుకే ఆవిడ మాట లైన్లలో ఆడవాళ్ళందరికీ చెల్లుబాటు.

అమ్మవారిని నిలుపుకుందామన్నా రాయి లేదు. అమ్మవారు లేని చోట పిల్లలు నిలవరని ఎర్రమ్మ అన్నప్పుడల్లా దాలమ్మ తలవంచుకునేది. ఆమెకు ఇక్కడ పుట్టిన ఇద్దరు పిల్లలూ ఇరవయ్యొక్క రోజులు తిరక్కుండానే పోయారు.

మూడోసారి ఆమెకు నెలలు నిండిన రోజుల్లో, పంతొమ్మిది వందల ఎనిమిదిలో, కంపెనీ లాంచీ రాళ్ళు తెచ్చింది.

ఆ పొద్దున దాలమ్మ ఏరు దాటి తీమా ఇంటికి వెళ్ళింది. తీమా మంత్రసాని. గుంజల మీద నిలబెట్టిన కొయ్య ఇంట్లో ఒక్కతే ఉంటుంది. ఏటికి రెండువైపులా పుట్టే పిల్లలందరూ ఆమె చేతుల్లోనే పడతారు. దాలమ్మ పొట్టకి నూనె రాసి, బిడ్డ తల ఎటుందో తడిమి చూస్తూండగా లాంచీ కూత వినిపించింది. ఇద్దరూ మెట్ల మీదకి వచ్చి చూశారు.

లాంచీ దూరంగా లోతు నీళ్ళలోనే ఆగింది. దాన్లోంచి దింపిన చిన్న పడవ ముందుభాగంలో తెల్లబట్టల దొర నిలబడి ఉన్నాడు. చేతిలో అట్టపుస్తకం, వెనక జెండాకర్ర. మోకాలి లోతు బురదలో తోట కూలీలు ఒక్కో రాయీ భుజాన వేసుకుని ఒడ్డుకి తెస్తున్నారు. వాళ్ళలో దాలమ్మ మొగుడు అప్పన్న కూడా ఉన్నాడు.

దొర పేరు వెల్బీ, కంపెనీ నేలకి హద్దులు కొలిచే సర్కారు సర్వేయరు. పెరాక్ నది ముఖం నుంచి తీరం వెంబడే వస్తున్నాడు. ఏరు కనబడిన చోటల్లా దిగడం, జెండా పాతడం, అంకెలు చెక్కిన రాళ్ళు వేయించడం, పుస్తకంలో రాసుకోవడం. రాయి పడిన చోటిదాకా నేల కంపెనీది. సర్కారు రాయి కదిపినవాళ్ళకి తైపింగ్ జైలు అని దిగిన ప్రతిచోటా చాటింపు వేయించేవాడు.

అవతలి పని చూసుకుని ఆయన ఏరు దాటి తీమా ఇంటి ముందుకి కూడా వచ్చాడు. ఎండకి మొహం ఎర్రగా కందిపోయి ఉంది. అడక్కుండానే తీమా కొబ్బరిచిప్పతో వాననీళ్ళు అందించింది. తాగి, మీసం తుడుచుకుని, మలయ్ భాషలోనే తడుముకోకుండా అడిగాడు.

"ఈ నేల ఎవరిది?"

"మాది."

"కాగితం ఉందా?"

తీమా నవ్వింది. "ఇంటి వెనకాల మా అమ్మ సమాధి ఉంది. అది చాలదా?"

దొర నవ్వలేదు. ఇంటి వెనక మెట్టవైపు చాలాసేపు చూశాడు. తరాల తరబడి తిని పారేసిన గుల్లలు పేరుకుని ఏర్పడిన మెట్ట అది. ఆ చుట్టుపక్కల పోటునీళ్ళు ఎక్కని నేల అదొక్కటే. పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

ఇంతలో అవతలి ఒడ్డున కేకలు. దించిన రాళ్ళలో ఒకటి తగ్గింది. ఏడో నంబరుది, తోట హద్దున ఏటి ఒడ్డు మీద వేయవలసినది. కూలీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నీరు అప్పటికే తీస్తోంది. ఇంకాస్త ఆలస్యమైతే లాంచీ బురదలో కూలబడి మళ్ళీ పోటు వచ్చేదాకా కదలదు. దొర గడియారం చూసుకుని, ఇంకోసారి వచ్చినప్పుడు వేయిద్దామని పడవెక్కేశాడు.

"చూశావా, తాగిన చిప్ప చేతికివ్వలేదు" అంది తీమా. చిప్ప మెట్ల కింద మట్టిలో పడి ఉంది.

నాలుగో రోజున దాలమ్మకి ఆడపిల్ల పుట్టింది. బొడ్డు కోసి, పిల్లని తుడిచి పక్కన పడుకోబెట్టారో లేదో ఎర్రమ్మ మొదలుపెట్టింది.

"ఒలే దాలీ, ఈ గుంటని నీదనుకోకు. తవుడుకి పరాయోళ్ళకి అమ్మీసీ. సావు నీ గుమ్మం కాడ ఎతుక్కుని, కానక ఎల్లిపోద్ది."

"ఎవులికమ్మీది? లైన్లో ఉన్నోలందరం ఒకూరోలమే గదా."

"మనోల్లెందుకే? ఈ మంత్రసాని ముసల్ది నేదా?"

దాలమ్మ తనకొచ్చిన మలయ్ ముక్కలతో తీమాకి చెప్పుకొచ్చింది, ఇచ్చిన తౌడు తిరిగి అడిగితే పిల్లకి మంచిది కాదని కూడా. తీమాకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక పొట్ట పట్టుకుని నవ్వింది. "తౌడుకా? నా కోళ్ళు ఒప్పుకోవాలి లా" అంది, మలయ్‌వాళ్ళ అలవాటు కొద్దీ మాట చివర లా చేర్చి. అంటూనే వెళ్ళి కోళ్ళ తౌడు పిడికెడు తెచ్చి దాలమ్మ కొంగులో పోసింది. అప్పుడు నవ్వు ఆపి, పిల్లని రెండు చేతులతో ఎత్తి గుండెకి ఆనించుకుంది.

"అయితే ఇది నాది. పెంచమని నీకిస్తున్నాను. బాగా చూసుకో."

పిల్లకి తవిటమ్మ అని పేరు పెట్టారు.

ఇరవయ్యొక్క రోజులు తిరిగాయి. పిల్ల నిలిచింది. ఆ అమావాస్యకి నీరు ఎన్నడూ తీయనంత దూరం తీసింది. గుల్లలు ఏరుకోవడానికి వెళ్ళిన ఆడవాళ్ళకి బురదలో ఒక రాయి నిలబడి కనిపించింది. ఎర్రమ్మ కొంగుతో తుడిచింది. మూడు గీతలు కిందన ఒక్కచోట కలిసి త్రిశూలంలా ఉన్నాయి. వాటి పైన కొడవలిలాంటిది ఇంకొకటి.

"నూకాలమ్మే" అంది ఎర్రమ్మ. "సూలం, కత్తీ అట్టుకుని సముద్రం మీదొచ్చినాది తల్లి."

దొర పోగొట్టుకున్న రాయి సంగతి వాళ్ళకి తట్టలేదు. ఆ రాళ్ళు మోసింది మగవాళ్ళు. ఆడవాళ్ళు దగ్గరికి వెళ్ళి చూసింది లేదు. పైగా పిల్ల బతికిన నెలలోనే సముద్రం తెచ్చిచ్చిన రాయి అది. దాన్ని ఇంకోలా అనుకోవడానికి ఎవరికి మనసొప్పుతుంది?

లైన్ల దగ్గర నిలుపుదామంటే పోటు రోజుల్లో అక్కడ మోకాలి లోతు నీళ్ళు. ఉన్న పొడినేల అంతా తీమా ఇంటి వెనక మెట్టే. దాలమ్మే వెళ్ళి అడిగింది.

"దాతోకా?" అని అడిగింది తీమా. మహిమతో ఒకచోట కొలువుండి ఆ చోటుని కాచే పెద్దల్ని వాళ్ళు అలా అంటారు.

"దాతోక్ లాంటిదే. అమ్మ."

"అయితే కూర్చోనీ లా. నా కోళ్ళు నెత్తినెక్కితే మాత్రం నన్నడక్కండి."

రాయి దొరికిన తీరునే, త్రిశూలం నిలువుగా ఉండేలా మెట్ట మీద పాతారు. పసుపు రాసి, బొట్లు పెట్టి, వేప దొరక్క కరివేపరెమ్మలు కట్టారు. చూడవచ్చిన మగవాళ్ళలో అప్పన్న మొహం ఒక్కటే పాలిపోయి ఉంది. హారతి కళ్ళకద్దుకోకుండానే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. దాలమ్మ అది చూసింది. పిల్ల ఏడిస్తే పాలివ్వడంలో పడి మరిచిపోయింది.

ప్రతి మంగళవారం ఏరు దాటి వెళ్ళి రాయికి పసుపు రాసేది. తీమా పిల్లని ఒళ్ళో వేసుకుని మెట్ల మీద కూర్చునేది. అలా ఎనిమిది నెలలు గడిచాయి. తవిటమ్మ పాకడం నేర్చింది.

ఒక సాయంత్రం అప్పన్న అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపాడు గానీ నోట్లో పెట్టుకోలేదు.

"రేపు లాంచీ వత్తాదట."

"వస్తే నీకేటి?"

"ఆ రాయి అమ్మోరు కాదే."

దాలమ్మ గరిటె కింద పెట్టింది.

"నా బుజం మీంచి జారిపోనాది. ఏడో నెంబరు. ఆ దినం సెప్తే దొర తోలు తీసీసును, అందుకని సెప్పనేదు. మీరు పసుపు రాసీసి కూకోబెట్టినపుడన్నా సెప్దునా అనుకున్నాను. నోరు రానేదు."

"మరి ఆ సూలం?"

"సర్కారోల్ల బాణం గుర్తు. మీరు తలకిందులు పాతినారు. కొడవలి కాదది, ఏడు."

"ఎనిమిది నెలల నుండి నాను ఏడుకి మొక్కతన్నానేటి మావా?"

"నవ్వులాట కాదొలే. సర్కారు రాయి అవతల గట్టున ఉంటే అవతల గట్టూ కంపినీదే అంతాడు. మనం కదిపినామని ఒప్పుకుంటే నిన్నూ ఎర్రమ్మనీ తైపింగు తోలుకుపోతారు. సంటిపిల్లని ఎవులు సూస్తారు?"

దాలమ్మ పిల్లని చంకనేసుకుని ఎర్రమ్మ దగ్గరికి పరుగెత్తింది. చీకటి పడేలోగా రాయి పీకి ఏట్లో పడేద్దామంది. ఎర్రమ్మ సానరాయి మీద కొమ్ము అరగదీస్తూనే అంతా వింది.

"బాణవయితే ఏటి, సూలవయితే ఏటి? మనం పానం పోసినాం, అది కూకున్నాది. అది కూకున్నాకే నీ గుంట మనిసయినాది. పీకు. పీకి సూడు. రేపు గుంటకి ఒళ్ళు ఎచ్చబడితే నా గుమ్మం తొక్కకు."

దాలమ్మ ఇంటికి వెళ్ళలేదు. ఏరు దాటి మెట్టెక్కి రాయిని ఒక చేత్తో పట్టుకుంది. ఆ రోజు మంగళవారమే. పొద్దుటి పసుపు ఇంకా పూర్తిగా ఆరలేదు. చంకలోంచి తవిటమ్మ వంగి, రాయి మీద అరచెయ్యి వేసి, ఆ చెయ్యి నోట్లో పెట్టుకుంది.

దాలమ్మ రాయిని వదిలేసింది.

"ఈ వేళప్పుడు ఏమిటి?" అని తీమా కిటికీలోంచి అడిగింది.

"మొక్కు ఉంది మక్" అని చెప్పి వచ్చేసింది. తీమాని ఆమె అమ్మా అన్నట్టుగానే మక్ అని పిలిచేది.

మర్నాడు దొర దిగాడు. కొలతగొలుసు పట్టుకుని అప్పన్న వెనకే ఉన్నాడు, వాళ్ళ వెనక లైన్లలోని ఆడా మగా. ఏరు దాటి, దొడ్లన్నీ దాటి, మెట్ట మీద పచ్చగా మెరుస్తున్న రాయి చూసి దొర ఆగాడు. చేతికర్రతో పూలు పక్కకి తోసి, మెడ పక్కకి వంచి చూశాడు.

"ఏడు" అన్నాడు. ఆయన నవ్వడం అందరూ మొదటిసారి చూశారు. "తలకిందులుగా ఉన్నా ఏడు ఏడే."

తీమా మెట్లు దిగి వచ్చింది. "అది దాతోక్. వీళ్ళు తెచ్చి పెట్టుకున్నారు. అడగండి."

దొర కూలీల వైపు తిరిగాడు. "నా రాయిని ఎవరైనా కదిపారా? కదిపితే ఎవరో చెప్పండి, తీసుకెళతాను. కదపలేదంటే, నేను వేయించిన చోటే ఉందన్నమాట."

ఆ రాయి అక్కడ తాను వేయించలేదని ఆయనకి తెలుసు. తెలిసే అడుగుతున్నాడని దాలమ్మకి ఆ కళ్ళు చూస్తే అర్థమైంది. అప్పన్న గొలుసు కణుపులు తడుముకుంటున్నాడు. ఎర్రమ్మ ముసుగు ముందుకి లాక్కుంది.

"దాలా, నువ్వు చెప్పు" అంది తీమా. "ఎక్కణ్ణుంచి తెచ్చారు?"

బురదలోంచి అని ఒక్కమాట అంటే చాలు. దాలమ్మ చంకలో పిల్లని ఇంకాస్త ఎగదోసుకుంది.

"నాకు తెలీదు. ఎప్పట్నించో ఇక్కడే ఉంది."

తీమా ఆమె మొహం చూసింది, పిల్లని చూసింది, మెట్లెక్కి లోపలికి వెళ్ళిపోయింది. దొర పుస్తకం తెరిచాడు.

ఖాళీ చెయ్యమని ఏడు ఇళ్ళకీ నెల గడువు ఇచ్చారు. ముప్ఫైయ్యో రోజున రెండు పడవల్లో సామాను ఎక్కించారు. కోళ్ళ గంప కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చున్న తీమా దగ్గరికి దాలమ్మ పిల్లని తీసుకెళ్ళింది. వెళ్ళిందే గానీ పిల్లని వెంటనే అందించలేదు. బేరం రద్దు చేసుకుంటానంటే? తౌడు వెనక్కి ఇచ్చెయ్యమంటే?

తీమా పిల్లని ఒళ్ళోకి తీసుకుని, తల నిమిరి, గోళ్ళు పెరిగాయా అని వేళ్ళు చూసింది. మంత్రసాని చూపు అది. తర్వాత తిరిగి అందించింది.

"భయపడకు. తౌడు అడగను. అడిగితే పిల్లకి మంచిది కాదని నువ్వే చెప్పావు కదా."

పడవలు మలుపు తిరిగేదాకా దాలమ్మ ఒడ్డునే నిలబడింది. మర్నాటి నుంచీ ఇళ్ళు పడగొట్టడం మొదలైంది. సమాధి మీది కర్రలు కూడా పొయ్యిలోకి పోయాయి. మెట్ట మీద కొబ్బరిమొక్కల కోసం తాడు పట్టి గుంతలు తీశారు. రాయి జోలికి మాత్రం ఎవరూ రాలేదు. దాలమ్మ మంగళవారాలు మానలేదు. మానితే ఏమవుతుందో అనే భయం పాతది. పసుపు కింద ఆ అంకె వేళ్ళకి తగలడం కొత్తది.

మూడు నెలలకి దొర మళ్ళీ వచ్చి ఆమెను పిలిపించాడు.

"నేను వేసిన ఆరు రాళ్ళనీ అడవి మింగేసింది. వెతకడానికి పది రోజులు పట్టింది. నీ రాయి సముద్రంలోంచి చూసినా కనబడుతోంది." సంతోషంగానే చెప్పాడు. "ఈసారి లాంచీలో నువ్వూ రావాలి. రాయి వేసిన చోటల్లా అదే పూజ చెయ్యి. పిల్లని కూడా తెచ్చుకో."

"పిల్లెందుకు దొరా?"

"పిల్ల ఉన్న పడవని చూసి ఎవరూ కత్తి తియ్యరు."

ఎర్రమ్మ పసుపు అరగదీసి డబ్బాలో పెట్టి ఇచ్చింది. డబ్బా ఇస్తూ దాలమ్మ కళ్ళలోకి చూడలేదు.

పొద్దెక్కేసరికి లాంచీ తీరం వెంబడే దక్షిణంగా వెళ్ళి ఇంకో ఏటి ముఖాన ఆగింది. అదే బురద, అవే మడచెట్లు. చెట్ల సందుల్లో తాటాకు కప్పులు కొన్ని. ఎప్పుడూ లోతు నీళ్ళలో లాంచీ నిలిపి పడవలో వెళ్ళే దొర, ఆ రోజు లాంచీనే ఏట్లోకి తీసుకుపొమ్మన్నాడు. ముందుభాగంలో దాలమ్మని కూర్చోబెట్టించాడు, ఒళ్ళో తవిటమ్మ, పక్కన అప్పన్న, అతని భుజం మీద రాయి. దాని మీద ఎనిమిది అంకె. ఈసారి దాన్ని చదవడం దాలమ్మకి తెలుసు. పసుపు ముందే రాయించారు.

ఒడ్డున కొబ్బరికాయలు ఒలుస్తున్న ఒక పడుచు లేచి నిలబడింది. చేతిలో పొడుగు కత్తి. లాంచీని చూసి కత్తి ఎత్తింది, పిల్లని చూసి దించింది. వాళ్ళు ఒడ్డుకి దిగేసరికి లోపలికి వెళ్ళి చిప్పతో నీళ్ళు తెచ్చింది. దొరకి కాదు, తిన్నగా దాలమ్మ దగ్గరికే తెచ్చింది. ఎండకి పిల్ల పెదవులు ఎండి ఉన్నాయి మరి.

అప్పన్న రాయి దించాడు. పడుచు దాన్ని వింతగా చూసింది. పసుపు, బొట్లు, కరివేపరెమ్మలు.

"దాతోకా?" అని అడిగింది.

దొర రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. దాలమ్మ చిప్ప అందుకుని ముందు పిల్ల చేత తాగించింది. మిగిలిన నీళ్ళు తాను తాగి, చిప్పని మళ్ళీ ఆ పడుచు చేతిలోనే పెట్టింది.

"కాదు" అంది మలయ్‌లో. "దాతోక్ కాదు. దొర గుర్తు. ఇది వేసిన చోట మీరుండరు. మా మక్ వెళ్ళిపోయింది."

"సంపీసినావే" అన్నాడు అప్పన్న మెల్లగా.

దొర ఆమె మీద కేకలు వేయలేదు. గడియారం తీసి చూసి, లాంచీ వైపు తిరిగాడు. లాంచీ అప్పటికే ఒక పక్కకి ఒరిగి ఉంది. దాని చుట్టూ నీళ్ళు లేవు, బురద మెరుస్తోంది.

ఆ పడుచు కత్తి తీసుకుని, పరుగెత్తకుండా, మామూలుగా నడుస్తూ ఇళ్ళ మధ్యకి వెళ్ళింది. కొంచెంసేపటికి అక్కడ ఎవరో ఆపదలో చుట్టుపక్కలవాళ్ళని పిలిచే కొయ్యడోలు మోగించారు. ఏటి పైనుంచి ఇంకొకటి బదులు పలికింది. ఆ పైన మరొకటి.

దాలమ్మ చేతులకున్న పసుపుని బురదలో రుద్ది కడుక్కుంది. తవిటమ్మని చంకనేసుకుని, ఎనిమిదో నంబరు రాయి పక్కన నిలబడింది.

నీరు మళ్ళీ రావడానికి ఇంకా అయిదారు గంటలుంది.